లాటిన్ అమ్మాయిగారు

డాక్టరు యాజులు రాసిచ్చిన మందుచీటీ గంట తిరక్కుండా వెనక్కి వచ్చింది. ఎర్ర సిరాతో దిద్ది మరీ.

అతను నర్సీపట్నం ఆస్పత్రిలో చేరి అప్పటికి నాలుగు రోజులు. అది పంతొమ్మిది వందల ఇరవై ఏడు, మే నెల. విశాఖపట్నంలో ఎల్.ఎం.పి. పాసై, కొత్త కోటు కుట్టించుకుని, కొత్త స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని, ఈ తాలూకాకి తనే ధన్వంతరినని గట్టిగా నమ్ముతున్న ఇరవై ఆరేళ్ళ కుర్రాడు.

"ఏమిటిది మత్స్యలింగం?" అన్నాడు చీటీ ఎత్తి పట్టుకుని.

కాంపౌండరు మత్స్యలింగం మందుసీసా తుడుస్తూ తలెత్తలేదు. "లాటీను అమ్మాయిగోరు దిద్దినారు బాబూ. నానేటి సెయ్యను? పాత డాట్రుబాబు చీటీలు కూడా దిద్దీవోరు. ఆ బాబు ట్రాన్సుఫరు పెట్టుకుని ఎలిపోనారు."

యాజులు చీటీ చూశాడు. దగ్గుమందు మిక్స్చరు. కింద తను లాటిన్‌లో రాసిన వాక్యం, భోజనం తర్వాత రోజుకి మూడుసార్లు పుచ్చుకోవలసినదని. చివరి మాట 'సుమెండుం' కింద ఎర్రగీత. పక్కనే ముత్యాల్లాంటి అక్షరాలు: 'మిస్తూరా స్త్రీలింగం. సుమెండా అనాలి.'

"నాకు వ్యాకరణం నేర్పే మొనగాడెవడు?"

"మొనగాడు కాదు బాబూ, మొనగత్తె. శిరస్తదారు సుందరరామయ్య పంతులుగారి కూతురు."

యాజులు గొడుగు కూడా తీసుకోకుండా బయల్దేరాడు. సగం దారిలో గాలివాన పట్టుకుంది. కొత్త కోటు తడిసి ముద్దయింది. జుట్టు నుదుటికి అంటుకుంది. సుందరరామయ్యగారి వీధి తలుపు తట్టేసరికి కోపం మాత్రమే పొడిగా మిగిలింది.

తలుపు తీసిన అమ్మాయి చేతిలో లావుపాటి పుస్తకం ఉంది. వేలు మధ్యపేజీలో ఉంది. తడిసిన మనిషిని పైనుంచి కిందికి చూసి, "మందు తెచ్చావా? సీసా ఏదీ?" అంది.

"మందు కాదు, నేను..."

"కొత్త బంట్రోతువా? సరే, మీ డాక్టరుగారికి ఒక మాట చెప్పు. మిక్స్చరు ఆడది. ఆయన దాన్ని నపుంసకం చేసి పారేశారు. ఈసారైనా చూసుకుని రాయమను."

"చెప్పక్కర్లేదండీ. విన్నాను. నేనే ఆ డాక్టర్ని."

అమ్మాయి ఒక్క క్షణం తడబడింది. అంతే. "అయితే మరీ మంచిది. మధ్యలో మనిషి అక్కర్లేదు. లోపలికి రండి, తువ్వాలిస్తాను."

"ముందిది చెప్పండి. దగ్గు తగ్గడానికి వ్యాకరణం ఎందుకు?"

"దగ్గు తగ్గడానికి అక్కర్లేదు. డాక్టరుగారి పరువు నిలవడానికి కావాలి."

యాజులు నోరు తెరిచాడు. తుమ్ము వచ్చింది.

ఆమె ఫక్కున నవ్వింది. ఆ నవ్వు చూశాక, తను దెబ్బలాటకి వచ్చిన సంగతి అతనికి సగం మరుపొచ్చింది.

ఆమె పేరు అలివేలుమంగ. తండ్రి సుందరరామయ్యగారు తాలూకా కచేరీలో శిరస్తదారుగా చేసి రిటైరైన మనిషి. కాఫీ ఇచ్చి, కూతురి సంగతి ఆయనే చెప్పుకొచ్చారు.

"విశాఖపట్నంలో ఉండగా ఇన్‌ఫ్లుయెంజా వచ్చి వాళ్ళమ్మ పోయిందండీ. అప్పుడు దీనికి పన్నెండేళ్ళు. పక్కనే కాన్వెంటు. ముసలి సిస్టరొకావిడ వచ్చి రోగికి తడిగుడ్డ వేస్తూ, నోట్లోనే ఏదో పాడుకునేది. అంతా అయిపోయాక ఇది ఆవిడ దగ్గరికి వెళ్ళింది. మా అమ్మ దగ్గర ఏం పాడారో అర్థం చెప్పమంది. 'అర్థం చెబితే మర్చిపోతావు, భాషే నేర్పుతాను రా' అందావిడ. అంతే. రోజూ సాయంత్రం నాలుగేళ్ళపాటు వెళ్ళింది. తర్వాత చెన్నపట్నంలో కాలేజీ. లాటిన్ ఆనర్సులో ముగ్గురే ఆడపిల్లలు. ఇద్దరు దొరల పిల్లలు, మూడోది మా మంగ. ఫస్టు క్లాసు ఇదొక్కర్తికే వచ్చింది."

"ఫస్టు క్లాసే గానీ సరైన సంబంధం ఒక్కటైనా వచ్చిందా?" లోపల్నించి ఒక గొంతు, వెనకాలే దగ్గు. ఆ మందుచీటీ రోగి, సుందరరామయ్యగారి అక్క కామేశ్వరమ్మ. తల్లిలేని మంగను పెంచింది ఆవిడే. "ఇరవై ఒకటి వెళ్ళాయి నాయనా. రోమాపురం నుంచి వస్తాడుట మొగుడు!"

"అత్తయ్యా!" అంది మంగ. చెవులు ఎర్రబడ్డాయి.

వాన ఎప్పుడు వెలిసిందో యాజులు గమనించలేదు.

మర్నాటినుంచి అతని చీటీల్లో లాటిన్ తప్పులు పెరిగాయి. మత్స్యలింగం రోజూ వాటిని మోసుకెళ్ళి, దిద్దించుకుని మోసుకొచ్చేవాడు. నాలుగో రోజున అన్నాడు, "బాబూ, మీరు కావాలనే తప్పులు రాస్తన్నారని అమ్మాయిగోరు సెప్పమన్నారు. నిజవైన తప్పులకీ దొంగ తప్పులకీ తేడా తెలస్తాదంట."

మంగ ఒక కావ్యాన్ని తెలుగు చేస్తోంది. రెండువేల ఏళ్ళ కిందట రోములో ఎవరో పేరు తెలియని కవి రాసిన చిన్న కావ్యం. దున్నుతూ దున్నుతూ ఒక ఎద్దు చాలు మధ్యలో పడుకుండిపోతుంది. రైతు దాన్ని తిట్టి, బెదిరించి, చివరికి బతిమాలుకుంటాడు. కథంతా అదే. కష్టమేమిటంటే అందులో నాగలి మాటలు ఎక్కువ. నిఘంటువులు రాసిన దొరలు నాగలి పట్టినవాళ్ళు కాదు.

"దొరలే కాదు, నేనూ పట్టలేదు" అంది మంగ ఒకరోజు. "ఒక ముక్క దగ్గర మూడు వారాలుగా ఆగిపోయాను."

"మీక్కావలసిన నిఘంటువు నా వార్డులో ఉంది" అన్నాడు యాజులు. "గొలుగొండ నుంచి వచ్చింది. పాదానికి కట్టుతో."

ఆ నిఘంటువు పేరు భీమన్న. కర్రు దిగి కాలు తెగితే ఆస్పత్రిలో చేరిన రైతు. అత్తయ్యని తోడు తీసుకుని మంగ ఆస్పత్రి వసారాలోకి వచ్చింది. నోట్‌బుక్కు ఒళ్ళో పెట్టుకుని భీమన్న మంచం పక్కన బల్లమీద కూర్చుంది. కర్రు, కాడి, ములుకోల, ఒక్కొక్కటే అడిగి రాసుకుంది.

"కాడిని లాటిన్‌లో యుగుం అంటారు భీమన్నా. సంస్కృతంలో యుగం. రెండూ ఒక్కటే మాట!"

"ఒకటే అవుతాదమ్మా. ఎద్దుల మెడలు ఏ దేశంలోనైనా ఒకటే కదా."

తర్వాత ఆమె ఆగిపోయిన చోటు చదివింది. "ఇక్కడ రైతు కొరడా మీద గుండె ఆన్చి ఏడ్చాడు అని ఉంది. దొరలంతా ఈ మాటకి కొరడా అనే రాశారు."

భీమన్న పగలబడి నవ్వాడు. "కొరడామీద ఎవుడైనా ఆనుకుంటాడేటమ్మా? బోర్లా పడిపోడూ? అలిసిపోయినోడు ఆనుకునీది మేడి మీద. నాగలెనకాల సేత్తో పట్టుకుంటాం సూడండి, ఆ కర్ర."

మంగ లేచి నిలబడింది. నోట్‌బుక్కు కింద పడింది. "మేడి! అవును, మేడి! డాక్టరుగారూ, విన్నారా? ఇంతమంది పండితులు, ఇన్ని పుస్తకాలు, ఒక్కడికీ తట్టలేదు!" ఆమె గబగబా వచ్చి యాజులు చెయ్యి పట్టుకుని ఊపేసింది. తర్వాత తను పట్టుకున్నది ఎవరి చెయ్యో చూసుకుని గభాలున వదిలేసింది.

కామేశ్వరమ్మ వసారా చివర కూర్చుని అంతా చూసింది.

భీమన్న కాలు మానింది. "ఇంక నన్ను ఒగ్గీండి బాబూ, దుక్కులకి ఏళయిపోనాది" అన్నాడు.

"ఇంకో రెండు రోజులుండు భీమన్నా."

"కాలు బాగుంది గదా, ఎందుకు?"

"ఇంకా కొన్ని మాటలున్నాయి" అన్నాడు యాజులు, కట్టు విప్పకుండానే కొత్త కట్టు కడుతూ.

భీమన్న వసారాలోకి వస్తున్న మంగనూ, డాక్టరు మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఓహో, జబ్బు నాది కాదన్నమాట" అని దుప్పటి ముసుగుపెట్టుకున్నాడు.

జూన్ ఆఖర్లో ఒక గురువారంనాడు చెన్నపట్నంనుంచి ఉత్తరం వచ్చింది. ఒక ఆడపిల్లల కాలేజీలో లాటిన్‌కి అసిస్టెంటు లెక్చరరు కావాలి. మంగ దరఖాస్తును చూశారు. సోమవారం ఉదయం పదకొండింటికి వచ్చి పరీక్షకి కూర్చోవాలి. తను చేసిన పని ఏదైనా ఉంటే తెచ్చి చూపించవచ్చు.

మంగ ఆ కాగితం పట్టుకుని గుమ్మం దిగి, వీధి మధ్యలో నిలబడి, ఆస్పత్రి నుంచి వస్తున్న యాజులుకి దూరం నుంచే కేకేసింది. "పిలిచారు! డాక్టరుగారూ, నన్ను పిలిచారు!"

"నిజంగానే?" యాజులు నవ్వాడు. నవ్వు పెదవుల మీదే ఉంది. చెన్నపట్నం. ఒక పగలూ ఒక రాత్రీ రైలు. ఇక మందుచీటీలు ఎవరు దిద్దుతారు?

శుక్రవారం పొద్దున్నే సుందరరామయ్యగారు కండువా అయినా వేసుకోకుండా ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చారు. "బేగి రండి డాక్టరుగారూ! అక్కయ్యకి కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాయి!"

యాజులు వెళ్ళేసరికి కామేశ్వరమ్మ మంచం మీద మూలుగుతోంది. మంగ మొహం పాలిపోయి ఉంది. యాజులు నాడి పట్టుకున్నాడు. స్టీమరింజనులా కొట్టుకుంటోంది. కళ్ళు చూశాడు. నాలుక చూశాడు. చిన్న సుత్తి తీసి పడిపోయిన కుడిమోకాలి మీద మెల్లిగా కొట్టాడు. ఆ కాలు ఎగిరొచ్చి అతని గుండెల మీద తన్నింది.

కామేశ్వరమ్మ ఒక కన్ను తెరిచింది. "మంగా, డాక్టరుగారికి కాఫీ పెట్టవే. తమ్ముడూ, నువ్వూ వెళ్ళు."

ఇద్దరూ వెళ్ళాక రెండో కన్నూ తెరిచింది. "తెలిసిపోయిందా నాయనా?"

"మీకేమీ లేదండీ."

"లేదు. కానీ ఉందని చెప్పు." గొంతు తగ్గించింది. "తల్లి కట్టెమీద ఉండగా దాన్ని తెచ్చి నా ఒళ్ళో పడేశారు. తొమ్మిదేళ్ళయింది. ఇన్నాళ్ళూ హాస్టలుకి పంపి, సెలవులకి వస్తుందని రోజులు లెక్కపెట్టుకుంటూ బతికాను. ఉద్యోగమైతే ఇంకొస్తుందా? ఆ మహాపట్నంలో ఒక్కర్తీ ఏమైపోతుంది? నీకు దానిమీద ఇష్టం. నేను గుడ్డిదాన్నా? పక్షవాతం అని ఒక్క మాటను. అది నన్నొదిలి కదలదు. మూఢం లేని నెల చూసి పెళ్ళి నేను చేయిస్తాను."

యాజులు స్టెతస్కోపు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

బయట మంగ కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. "ఎలా ఉంది డాక్టరుగారూ?"

"ఇప్పుడే చెప్పలేను. రేపు మళ్ళీ చూస్తాను."

"నేను రేపు వెళ్ళొచ్చా?"

చెప్పాల్సింది ఒక్క మాట. అతను ఆమె చేతిలోని గ్లాసు వైపు చూశాడు. మంగ అతని మౌనాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. "సరేనండీ. తెలిసింది" అని గ్లాసు అతని చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా యాజులు, తనేమీ అబద్ధమాడలేదు కదా అని వందసార్లు అనుకున్నాడు. వందసార్లూ తనకే నమ్మకం కలగలేదు.

శనివారం మధ్యాహ్నం ఆఖరి రోగిని పంపేసరికి మత్స్యలింగం అన్నాడు, "పొద్దుట లాటీను అమ్మాయిగోరిని పోస్టాఫీసుకాడ సూసినాను బాబూ. రానని రాసేసినారంట. ఉత్తరం డబ్బాలో ఏసీసి, డబ్బానే సూస్తా అలగే నిలబడిపోనారు. వోన మొదలైనా కదల్లేదు. ఆ డబ్బాలో ఎవులో మనిషి పడిపోనట్టు..."

మాట పూర్తయ్యేసరికి యాజులు గేటు దాటాడు.

మంగ వసారాలో కూర్చుని ఉంది. పక్కన తెరిచిన ట్రంకుపెట్టె. సర్దిన చీరలు, పుస్తకాలు తీసి బయట పెడుతోంది.

"తియ్యకండి!" అన్నాడు యాజులు ఒగరుస్తూ. "మీ అత్తయ్యగారికి పక్షవాతం లేదు. ఏ జబ్బూ లేదు. నాకంటే గట్టిగా ఉన్నారు."

మంగ చెయ్యి పుస్తకం మీద ఆగింది. "ఇప్పుడే తెలిసిందా?"

"లేదు. నిన్ననే తెలుసు."

"నిన్ననా?" మెల్లిగా లేచింది. "నిన్న తెలిసి, నేనడిగితే, నోరు మూసుకుని కాఫీ తాగి వెళ్ళిపోయారా? డాక్టరై ఉండి?"

"అవును."

"ఎందుకు?"

"మీరు వెళ్ళిపోతారని." యాజులు నేలవైపు చూడలేదు. సూటిగా ఆమెనే చూశాడు. "మీరు లేని నర్సీపట్నం ఎలా ఉంటుందో ఊహించుకుంటే నోరు పెగల్లేదు. మిమ్మల్ని చూసిన మొదటిరోజు నుంచీ నాకు... ఇంకా వివరంగా చెప్పాలా?"

"అక్కర్లేదు." ఆమె చేతిలో పుస్తకం పక్కన పడేసింది. కోపమో మరేమిటో. "తొమ్మిదేళ్ళు చదివానండీ. దీపం దగ్గర కళ్ళు మండిపోయేలా చదివాను. ఆ సిస్టరు చచ్చిపోతూ తన పాత వ్యాకరణం పుస్తకం నా పేర రాసిపోయింది. అదంతా పొద్దున్న ఒక అణా స్టాంపుతో నేనే తోసేశాను. మీరొక్క మాట నిన్న చెప్పి ఉంటే!"

"చెప్పాల్సింది. తప్పు నాదే. తర్వాత ఎంతసేపైనా తిట్టండి. ఒంటిగంటా నలభై అయింది. స్టేషను బస్సు రెండింటికి."

మంగ అతన్ని చూసింది. ట్రంకుపెట్టెను చూసింది. వెంటనే బయట పెట్టిన పుస్తకాలన్నీ రెండు చేతులతో మళ్ళీ లోపలికి కుమ్మరించింది. "నాన్నా! కోటు వేసుకోండి! మనం వెళ్తున్నాం!"

లోపలి గదిలోంచి మూలుగు వినిపించింది. తర్వాత మూలుగు ఆగిపోయింది. కామేశ్వరమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది, రెండు కాళ్ళమీదా. మంగ ఆ కాళ్ళవైపు చూసింది. ఆ చూపుకి ఆవిడ తల దించుకుంది.

"పాపిష్టిదాన్ని" అంది కామేశ్వరమ్మ. "నిన్న రాత్రి నువ్వు నా కాళ్ళు పడుతూ ఏడ్చావే, అప్పుడే లేచిపోదామనుకున్నాను. సిగ్గేసి లేవలేకపోయాను." చటుక్కున కొంగు దోపుకుంది. "నిలబడి చూస్తారేం? బేగి! బేగి! రెండు పూటలు రైల్లో ఆకలితో కూర్చుంటారా?" అంటూ వంటింట్లోకి దూసుకుపోయింది.

బస్సు హారన్ కొడుతోంది. యాజులు ట్రంకుపెట్టె తనే భుజానికెత్తుకుని చినుకుల్లో పరిగెత్తాడు. వెనక సుందరరామయ్యగారు, ఆయన వెనక మంగ. పెట్టె బస్సు మీదికి ఎక్కించేసరికి అక్కడ ముందే ఒక గోనెసంచి ఉంది. టపా సంచి.

మంగ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో! నేను రానని రాసిన ఉత్తరం ఈ సంచిలోనే ఉంది! నేనూ అదీ ఒకే రైల్లో వెళ్తున్నాం!"

టపా తెచ్చిన మనిషిని బతిమాలింది. "సీలేసిన సంచి తల్లీ" అన్నాడతను. "ఇప్పితే నా ఉజ్జోగం పోతాది."

"మీరెక్కండి" అన్నాడు యాజులు. "ఆ ఉత్తరం లెక్కలోకి తీసుకోవద్దని నేనిప్పుడే టెలిగ్రాం కొడతాను."

బస్సు కదిలింది. మంగ కిటికీలోంచి తల బయటపెట్టింది. "డాక్టరుగారూ! మీ మీద కోపం తగ్గలేదు!"

"తెలుసండీ!"

"తగ్గాక ఉత్తరం రాస్తాను!"

అప్పుడే బజారంతా ఒక్కసారి ఘొల్లుమంది. నిన్న పక్షవాతం వచ్చిందని ఊరంతా జాలిపడ్డ కామేశ్వరమ్మ, చేతిలో పులిహోర క్యారేజీతో, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, బస్సు వెనకాల పరుగు పెడుతోంది. డ్రైవరు నవ్వాపుకోలేక బ్రేకు వేశాడు. క్యారేజీ కిటికీలోంచి లోపలికి వెళ్ళింది. మంగ రెండు చేతులూ చాచి అత్తయ్య మెడ పట్టుకుని బుగ్గమీద ముద్దు పెట్టింది. బస్సు వెళ్ళిపోయింది.

కామేశ్వరమ్మ రొప్పుతూ యాజులు వైపు తిరిగింది. "నువ్వు టెలిగ్రాం అన్నావు. ఇంకా ఇక్కడే ఉన్నావేం?"

యాజులు మళ్ళీ పరిగెత్తాడు.

పదిరోజుల తర్వాత, కూతుర్ని చెన్నపట్నంలో దింపి సుందరరామయ్యగారు తిరిగొచ్చారు. నేరుగా ఆస్పత్రికే వచ్చి చెప్పారు.

"ఉద్యోగం వచ్చిందండీ! దొరసాని ప్రిన్సిపాలు ఒక చేత్తో మీ టెలిగ్రామూ, ఇంకో చేత్తో మంగ ఉత్తరమూ పట్టుకుని కూర్చుందిట. 'ఈ కాగితం ప్రకారం నువ్వు రావు. ఆ కాగితం ప్రకారం వస్తావు. నేను దేన్ని నమ్మాలి?' అందిట. 'కుర్చీని నమ్మండమ్మా, అందులో నేనే ఉన్నాను' అంది మన మంగ. ఇంకా వినండి. ఒక ముసలి ప్రొఫెసరు కొరడా మాట పట్టుకుని దీన్ని నిలదీశాడు. యాభై ఏళ్ళుగా అందరూ కొరడా అంటుంటే నువ్వెవరివి మార్చడానికని. ఇది ఆయన గొడుగు పుచ్చుకుని, నేల మీద నిలబెట్టి, వంకీ మీద గుండె ఆన్చి చూపించింది. 'ఇది మేడి. ఇప్పుడు కొరడా మీద మీరు ఆనుకుని చూపించండి' అంది. ముసలాయన గొడుగు తీసుకుని తనూ ఆనుకుని చూశాడు. తర్వాత, ఇది నీకెవరు చెప్పారని అడిగితే, 'గొలుగొండ భీమన్న' అని రాయించిందండీ, వాళ్ళ కాగితాల్లో!"

యాజులు ఆ మధ్యాహ్నం ఆనందం పట్టలేక ఆస్పత్రిలో ఉన్నవాళ్ళందరికీ బెల్లం పంచిపెట్టాడు. తనకి మాత్రం ఏ ఉత్తరమూ రాలేదు.

ఐదు వారాలు గడిచాయి. ఆరో వారం ఒక కార్డు వచ్చింది. అందులో ఒకే వాక్యం. 'అత్తయ్య ఆరోగ్యం గురించి ప్రతి వారం నిజం రాయవలెను.'

యాజులు రాశాడు. 'రోగి కామేశ్వరమ్మగారు. ఆకలి బాగుంది. నిన్న వంటింట్లోకొచ్చిన పిల్లిని వీధి చివరిదాకా తరిమారు. మేనకోడలి మీద బెంగ ఎక్కువగా ఉంది. డాక్టరు పరిస్థితి కూడా అదే. ఇది నిజం.'

వారానికొకటి చొప్పున ఉత్తరాలు నడిచాయి. రోగి సంగతులు తగ్గుతూ వచ్చాయి. డాక్టరు సంగతులు పెరుగుతూ వచ్చాయి. మంగ తన క్లాసుల గురించి రాసేది. మొదటిరోజు చీర కట్టుకుని క్లాసులోకి వెళ్తే, పిల్లలు టీచరు ఇంకా రాలేదనుకుని కబుర్లు చెప్పుకున్నారట. లాటిన్‌లో ఒక్క కేక వేసేసరికి అందరూ లేచి నిలబడ్డారట. సెప్టెంబరు ఆఖరి ఉత్తరంలో ఇలా రాసింది: 'డాక్టరు తన జబ్బుకి తనే వైద్యం చేసుకోకూడదని విన్నాను. దసరా సెలవులకి వస్తున్నాను. కోపం తగ్గింది. ఈ సంగతి మీ అమ్మగారికి కూడా చెప్పవచ్చు.'

యాజులు ఆ వాక్యాన్ని ఏడుసార్లు చదివి, పాయకరావుపేటలో ఉన్న తల్లికి ఉత్తరం రాశాడు.

యాజులు తల్లి వర్ధనమ్మ విజయదశమి వెళ్ళిన మూడోనాడు బస్సు దిగింది. భర్త పోయాక పదిహేనేళ్ళుగా పొలం దగ్గర నిలబడి సేద్యం చేయించుకుంటున్న మనిషి. మాట కరుకు. చదువు రాదు. సుందరరామయ్యగారింట్లో చాపమీద కూర్చుని, ఎదురుగా కూర్చున్న మంగను తేరిపార చూసింది. యాజులు స్తంభం పక్కన నిలబడి చేతివేళ్ళు విరుచుకుంటున్నాడు. ఇన్ని ఆపరేషన్లు చూసినవాడికి అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

మంగే ముందు మాట్లాడింది. "ఒక్క సంగతి ముందే చెప్పేస్తానండీ. నేను ఉద్యోగం మానను."

కామేశ్వరమ్మ నెత్తి కొట్టుకుంది. "అడక్కుండానే చెప్పాలా ఏవిటే?"

"చెప్పడమే మంచిదమ్మా" అన్నాడు యాజులు గబగబా. "నేను చెన్నపట్నం మెడికల్ కాలేజీకి అప్లికేషన్ పెట్టాను. పై చదువు అక్కడే. ఇద్దరం అక్కడే ఉంటాం."

"నువ్వూరుకో" అంది వర్ధనమ్మ కొడుకుతో. మంగ వైపు తిరిగింది. "మావాడు ఉత్తరాల్లో ఎద్దూ ఎద్దూ అని ఒకటే సొద. ఏదీ, ఆ ఎద్దు కథ చదువు. వింటాను."

మంగ నోట్‌బుక్కు తెచ్చింది. ముందు నాలుగు పాదాలు లాటిన్‌లో చదివింది. ఆ గొంతులో, కొత్త మనుషుల ముందు ఉండే బెరుకేమీ లేదు. తర్వాత తన తెలుగు మొదలుపెట్టింది. ఎద్దు చాలు మధ్యలో పడుకుంటుంది. రైతు తిడతాడు. కసాయికి అమ్మేస్తానంటాడు. అది కదలదు. మేడి మీద గుండె ఆన్చి ఏడుస్తాడు. చివరికి మట్టిలో దాని పక్కనే కూలబడి, వానలు లేవనీ, పిల్లకి జ్వరమనీ, ఇంట్లో గింజలు నిండుకున్నాయనీ అన్నీ చెప్పుకుంటాడు. అంతా విని ఎద్దు మెల్లిగా లేస్తుంది.

వర్ధనమ్మ పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఎప్పటివాడన్నావు అతను?"

"రెండువేల ఏళ్ళయిందండీ."

"మొన్న మా పొలంలో జరిగినట్టే ఉందే." నోట్‌బుక్కు వైపు వేలు చూపింది. "అది సరే గానీ అమ్మాయీ, తర్వాతేమైంది?"

"ఎద్దు లేచాక అయిపోయిందండీ."

"ఎలా అయిపోతుంది? సాయంత్రం ఇంటికి వెళ్ళాడు కదా. పెళ్ళాం ఏమంది? పిల్లకి జ్వరమని ఎద్దుకి చెప్పుకుని ఏడ్చినవాడు నా దగ్గర ఎందుకు ఏడవలేదని అడగదూ? ఆవిడ మాటేదీ?"

మంగ నోట్‌బుక్కు మీదినుంచి తలెత్తింది. కళ్ళు పెద్దవయ్యాయి. "ఆ ప్రశ్న... ఎవరూ అడగలేదండీ. చివరి పత్రం చిరిగిపోయింది. అందులో ఇంకా పది పన్నెండు పాదాలుండాలని అంటారు. అవి ఎద్దు గురించే అనుకున్నారంతా. అందులో ఆవిడ ఉండొచ్చు! అవును, ఇక్కడ ఒక మాట స్త్రీలింగంలో... అయ్యో, ఇది నాకెందుకు తట్టలేదు?" పెళ్ళిచూపులన్న సంగతి మర్చిపోయి చాపమీదే ముందుకు జరిగి పేజీలు తిరగేస్తోంది.

"ఆ చిరిగిన ముక్క ఎక్కడుంటుంది?" అంది వర్ధనమ్మ.

"తెలీదండీ. రోములోనో, పారిసులోనో, ఏ పాత మఠంలో ఏ పుస్తకం అట్టలోనో. ఎవరూ వెతకలేదు."

వర్ధనమ్మ లేచి వచ్చి మంగ పక్కన కూర్చుంది. పొలం పనికి బండబారిన చెయ్యి ఆ పిల్ల తలమీద పెట్టింది.

"నువ్వు వెతుకు" అంది. "పెళ్ళయిందని మానకు, పిల్లలు పుట్టారని మానకు. మావాడు అడ్డొస్తే నాకు కబురుపెట్టు. దొరికిన రోజున మాత్రం ముందు నాకు చదివి వినిపించాలి. ఆవిడ ఏమందో నాకు తెలియాలి."

మంగ కళ్ళనిండా నీళ్ళతో స్తంభం వైపు చూసింది. యాజులు అక్కడే నిలబడి, ఏమిచెయ్యాలో తోచక, ఇంటిల్లిపాదికీ వినిపించేలా నవ్వుతున్నాడు.